ఫ్రాంక్స్ అండ్ బీన్స్: ఒకే పెనంలో, అరగంటలో, అసలు రుచితో

అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళని, చిన్నప్పుడు మీ ఇంట్లో హడావిడిగా ఉన్న రోజు రాత్రికి ఏం వండేవాళ్ళు అని అడిగితే చాలామంది చెప్పే వంటల్లో ఇదొకటి. ఫ్రాంక్స్ అండ్ బీన్స్ అంటారు, ముద్దుగా బీనీ వీనీ అని కూడా అంటారు. ఒక డబ్బా బేక్డ్ బీన్స్ అంటే తియ్యటి సాస్‌లో ఉడికిన తెల్లటి గింజలు, ఫ్రాంక్స్ అని కూడా పిలిచే హాట్‌డాగ్ సాసేజ్‌లు ఒక ప్యాకెట్, ఒక ఉల్లిపాయ, ఫ్రిజ్ తలుపు అరలో ఎప్పుడూ ఉండే కెచప్, మస్టర్డ్ అనే ఆవ సాస్. సరంజామా ఇంతే. అమ్మ ఉద్యోగం నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు, నాన్న ఒక్కడే పిల్లలకి అన్నం పెట్టాల్సిన రోజు, బయట మంచు పడుతూ కొట్టుకి వెళ్ళే ఓపిక లేని రోజు చేసుకునే వంట కాబట్టి, ఆ వాసన తగిలితే చాలు అరవై ఏళ్ళ పెద్దవాళ్ళకి కూడా చిన్నతనం గుర్తొస్తుంది.

మన తెలుగు ఇళ్ళలోకి ఇది ఎక్కువగా పిల్లల ద్వారానే వస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే పిల్ల క్యాంపింగ్‌కి వెళ్ళి, అక్కడ తిని వచ్చి "అమ్మా, ఆ బీన్స్ మనింట్లో చెయ్యవా" అంటుంది. మనం డబ్బా తెచ్చి, సాసేజ్‌లు ముక్కలు కోసి అందులో పడేసి, మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇస్తాం. అది నీళ్ళనీళ్ళగా, తియ్యగా, సాసేజ్ ముక్క సాగుతూ ఉంటుంది, పిల్ల రెండు చెంచాలు తిని పక్కన పెడుతుంది. రెండోసారి ఏం చేస్తామంటే తాలింపు పెట్టి, అల్లంవెల్లుల్లి ముద్ద వేసి, కారం, గరం మసాలా దట్టించి కూర చేసేస్తాం. ఆ తీపి సాస్‌లో గరం మసాలా కలవదండీ, అటు కూరా అవ్వదు, ఇటు పిల్ల అడిగిన వంటా అవ్వదు. నా మాట విని ఈ ఒక్కసారికి మసాలా డబ్బా మూత తియ్యకండి. దీని తీపికి విరుగుడు ఈ వంటలోనే ఉంది. మస్టర్డ్ ఘాటు, వెనిగర్ పులుపు, సాసేజ్‌ని ఎర్రగా వేయిస్తే వచ్చే కమ్మదనం, ఈ మూడూ సమంగా పడితే ఆ తీపి వెగటు అనిపించదు సరికదా, అదే బాగుందనిపిస్తుంది.

అసలు బీన్స్‌లో అంత తీపి ఎందుకు వచ్చిందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఇది అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు వంట, ముఖ్యంగా బోస్టన్‌ది, ఆ ఊరికి బీన్‌టౌన్ అనే పేరు కూడా ఉంది. అక్కడ స్థిరపడ్డ ప్యూరిటన్లకి, అంటే ఇంగ్లండ్ నుంచి వచ్చిన నిష్ఠగల క్రైస్తవులకి, శనివారం పొద్దు గుంకగానే సబ్బాత్ అనే విశ్రాంతి దినం మొదలయ్యేది, ఇక పనీపాటా ఉండకూడదు, వంట కూడా చెయ్యకూడదు. అందుకని శనివారం పగలే తెల్ల బీన్స్‌ని మట్టి కుండలో పెట్టి పొయ్యిలోకి తోసేవాళ్ళు. గంటల తరబడి సన్నటి వేడిలో ఉడికిన ఆ బీన్స్ శనివారం రాత్రికి వేడివేడిగా, ఆదివారానికి మిగిలింది మిగిలినట్టు తినేవాళ్ళు. కుండలో పడేవి ఏమిటంటే ఉప్పులో ఊరిన పంది మాంసం ముక్క, ఆవపొడి, ఇంకా మొలాసిస్. చెరకు రసం కాచి పంచదార తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి పాకమే మొలాసిస్, కరీబియన్ దీవుల్లో బానిసల చేత సాగు చేయించిన తోటల నుంచి ఓడల్లో బోస్టన్ రేవుకి దిగేది. పంచదార కంటే చవక కాబట్టి వంటింట్లో దాన్నే వాడేవాళ్ళు. తీపి అలా వచ్చింది. ఆ తీపికి జోడీగా ఆవ ఘాటు మొదటి నుంచీ ఉంది, ఈ ముక్క మాత్రం గుర్తు పెట్టుకోండి.

హాట్‌డాగ్ తర్వాత వచ్చి చేరింది. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు 19వ శతాబ్దంలో తెచ్చిన సాసేజ్ అది. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో చవగ్గా కడుపు నింపే తిండి ఏదంటే బీన్స్, హాట్‌డాగ్ రెండూ ఆ జాబితాలో ఉండేవి, రెండూ ఒకే పెనంలోకి రావడానికి పెద్ద ఆలోచన అక్కర్లేకపోయింది. వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికులకి ఇచ్చిన రేషన్ డబ్బాల్లో కూడా టమాటా సాస్‌లో బీన్స్, ఫ్రాంక్‌ఫర్టర్ ముక్కలు ఉన్న డబ్బా ఒకటి ఉండేది. మెయిన్ రాష్ట్రంలో ఇప్పటికీ చర్చిల్లో, కమ్యూనిటీ హాళ్ళలో శనివారం సాయంత్రం బీన్ సప్పర్లు అనే సామూహిక భోజనాలు పెడతారు, అక్కడ బీన్స్ పక్కన ఎర్ర రంగు వేసిన హాట్‌డాగ్‌లు వడ్డిస్తారు.

ఇక వంటకి వద్దాం. నలుగురికి సరిపోయేలా చెప్తున్నాను.

హాట్‌డాగ్‌లు 8, అంటే మామూలు ప్యాకెట్ ఒకటి. బేక్డ్ బీన్స్ 28 ఔన్సుల పెద్ద డబ్బా ఒకటి, అది దాదాపు 800 గ్రాములు, లేకపోతే 16 ఔన్సుల చిన్న డబ్బాలు రెండు. మధ్యరకం ఉల్లిపాయ ఒకటి. ఇష్టమైతే సగం పచ్చ క్యాప్సికమ్. ఒక పెద్ద చెంచా నూనె లేదా వెన్న. కెచప్ రెండు పెద్ద చెంచాలు, పసుపు రంగు మస్టర్డ్ ఒక పెద్ద చెంచా, యాపిల్ సైడర్ వెనిగర్ రెండు చిన్న చెంచాలు, వూస్టర్‌షైర్ సాస్ ఒక చిన్న చెంచా, మిరియాల పొడి. చాలా అమెరికన్ రెసిపీల్లో బ్రౌన్ షుగర్ కూడా పావు కప్పు వెయ్యమంటారు. నేనైతే వెయ్యను, డబ్బా బీన్స్‌లో ఉన్న తీపే ఎక్కువ. ఉప్పు కూడా వెయ్యకండి. బీన్స్‌లో, సాసేజ్‌లో, సాస్‌లలో అన్నిట్లో ఉప్పు దండిగా ఉంది, చివర్లో రుచి చూసి కావాలంటే చూసుకోవచ్చు, నాకు ఎప్పుడూ అవసరం రాలేదు.

వూస్టర్‌షైర్ సాస్ గురించి ఒక్క మాట. దాంట్లో వెనిగర్, మొలాసిస్‌తో పాటు చింతపండు కూడా ఉంటుంది, అందుకే మన నాలుకకి ఆ పులుపు వెంటనే నచ్చుతుంది. అయితే అందులో ఆంకోవీ అనే చిన్న చేప కూడా ఉంటుంది కాబట్టి ఇంట్లో శాకాహారులు ఉంటే అది మానేసి, అర చిన్న చెంచా చింతపండు గుజ్జు, కొన్ని చుక్కల సోయా సాస్ కలిపి వాడండి.

సాసేజ్ ఎంచుకోవడంలో మన ఇళ్ళలో కొంచెం జాగ్రత్త కావాలి, ఇక్కడ తొందరపడకండి. అమెరికాలో పేరున్న హాట్‌డాగ్‌లలో చాలావరకు పూర్తి గొడ్డు మాంసంతో చేసినవి, లేదా పంది, చికెన్ కలిపి చేసినవి. గొడ్డు మాంసం తినని ఇంట్లో చికెన్ లేదా టర్కీ ఫ్రాంక్స్ కొంటారు. ప్యాకెట్ ముందు పెద్ద అక్షరాల్లో టర్కీ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, వెనక్కి తిప్పి పదార్థాల పట్టీ చదవండి, కొన్నింట్లో టర్కీ, చికెన్‌తో పాటు పంది మాంసం కూడా కలుపుతారు. తొడుగు సంగతి కూడా చూడాలి. మామూలు హాట్‌డాగ్‌లకి తొడుగు ఉండదు, ఫ్యాక్టరీలో సెల్యులోజ్ గొట్టంలో ఉడికించి దాన్ని ఒలిచేస్తారు, కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. కొంచెం ఖరీదైన లావుపాటి చికెన్ సాసేజ్‌లలో మాత్రం లోపలి మాంసం కోడిదే అయినా పైన తొడుగు పందిదో గొడ్డుదో అయ్యే అవకాశం ఉంది, అది పట్టీలో చిన్నగా రాసి ఉంటుంది. హలాల్ కొట్లలో హలాల్ చికెన్ ఫ్రాంక్స్ దొరుకుతాయి. శాకాహారులకి సోయాతో చేసిన వెజ్ డాగ్‌లు పెద్ద సూపర్‌మార్కెట్‌లన్నిట్లో ఉంటాయి. వాటిలో కొవ్వు తక్కువ కాబట్టి నూనె ఇంకో చెంచా పడుతుంది, సాస్‌లో ఎక్కువసేపు ఉంచితే మెత్తబడిపోతాయి, వడ్డించే ముందు వేస్తే బాగుంటాయి.

బీన్స్ డబ్బా విషయంలోనూ ఇదే చదువు. ఎక్కువమంది కొనే బుష్స్ కంపెనీ ఒరిజినల్ డబ్బాలో బేకన్ ఉంటుంది, అంటే పంది మాంసం. వాళ్ళదే వెజిటేరియన్ అని రాసిన డబ్బా వేరే ఉంది, అది తెచ్చుకుంటే ఏ గొడవా లేదు. పోర్క్ అండ్ బీన్స్ అని రాసిన చవక డబ్బాలు కూడా పక్కనే ఉంటాయి, వాటిలో సాస్ పల్చగా, టమాటా రుచితో ఉంటుంది. పంది మాంసం తినే ఇంట్లో అయితే అది తెచ్చేసినా ఫర్వాలేదు, పైన తేలే నీళ్ళు సగం ఒంపేసి వాడండి, పొయ్యి మీద నాలుగు నిమిషాలు ఎక్కువ ఉంచండి.

పెనం అంటే కాస్ట్ ఐరన్ స్కిల్లెట్, అదే పోత ఇనుప పెనం, ఉంటే దానికి మించింది లేదు, 10 నుంచి 12 అంగుళాల వెడల్పు ఉండాలి. వెడల్పు ఎందుకంటే సాసేజ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకోవాలి, సాస్ తొందరగా దగ్గరపడాలి. లేకపోతే అడుగు మందంగా ఉన్న ఏ వెడల్పాటి గిన్నె అయినా సరే. నాన్‌స్టిక్ పెనంలోనూ అవుతుంది కానీ ముక్కలకి ఆ రంగు అంత బాగా రాదు.

ముందు సాసేజ్‌లని ప్యాకెట్ లోంచి తీసి పేపర్ టవల్‌తో తడి లేకుండా తుడవండి. ప్యాకెట్‌లో జిగురుగా నీరు ఉంటుంది కదా, ఆ తడితో పెనంలో వేస్తే వేగవు, ఆవిరికి ఉడికిపోతాయి. తర్వాత ఏటవాలుగా, అర అంగుళం మందాన కొయ్యండి. ఏటవాలుగా కోస్తే కోసిన ముఖం పెద్దగా వస్తుంది, పెనానికి తగిలే భాగం పెరుగుతుంది. అందానికి చెప్పడం లేదు, ఆ పెరిగిన భాగమంతా ఎర్రగా వేగుతుంది, రుచి అక్కడే ఉంది. ఇంట్లో నాలుగేళ్ళ లోపు పిల్లలు ఉంటే వాళ్ళ వాటా మాత్రం ఇలా గుండ్రంగా కొయ్యకండి. గుండ్రటి హాట్‌డాగ్ ముక్క చిన్నపిల్లల గొంతులో సరిగ్గా అడ్డుపడే సైజు, అమెరికాలో పిల్లల డాక్టర్లు దీని గురించి గట్టిగా హెచ్చరిస్తారు. సాసేజ్‌ని ముందు నిలువుగా నాలుగు చీలికలు చేసి, ఆ చీలికల్ని సన్నగా తరిగి పెట్టండి.

పెనం మధ్యస్థం మంట మీద రెండు నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి. ఒక చిన్న చెంచా నూనె వేసి, ముక్కల్ని ఒక్కొక్కటిగా పరవండి, కోసిన ముఖం కిందికి ఉండాలి. ఇప్పుడు గరిటె పక్కన పెట్టేయండి. మనకి పొయ్యి మీద ఏదుంటే అది కలపాలని చెయ్యి లాగుతుంది, ఇక్కడ కలపకూడదు. రెండు మూడు నిమిషాలు అలా వదిలేస్తే ముందు చిటపట శబ్దం గట్టిగా వస్తుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది, ముక్క అంచులు కొంచెం పైకి లేచి ముడుచుకుంటాయి, గులాబీ రంగు అంచు చుట్టూ ఒక సన్నటి ముదురు గోధుమ రంగు గీత కనిపిస్తుంది. అప్పుడు అట్లకాడతో ఒక ముక్క తిప్పి చూడండి. కింది భాగం ఎర్రగా, అక్కడక్కడా నల్లటి మచ్చలతో ఉంటే అన్నీ తిప్పేయండి. అతుక్కుని రాకపోతే ఇంకా అవ్వలేదని, గీకకుండా ఇంకో అర నిమిషం ఆగండి, దానంతట అదే వదులుతుంది. రెండో వైపు ఒకటిన్నర నిమిషం చాలు. అన్నీ ఒక ప్లేటులోకి తీసేయండి. ఒక్కసారికి పెనంలో పట్టకపోతే రెండు వాయిలుగా వేయించండి, కుక్కొద్దు.

హాట్‌డాగ్‌లు ఫ్యాక్టరీలోనే ఉడికి వస్తాయి కాబట్టి పచ్చిగా ఉంటుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. అయితే లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం ఉంటుంది గనక గర్భిణులు, పెద్దవాళ్ళు, ఒంట్లో బాగోలేనివాళ్ళు తినే పక్షంలో పొగలు వచ్చేంత వేడిగా, అంటే లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 74 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలని అమెరికా ప్రభుత్వ ఆహార భద్రతా శాఖలు చెప్తాయి. మనం ఇలా వేయించి, మళ్ళీ మరిగే సాస్‌లో వేస్తాం కాబట్టి ఆ వేడి మామూలుగానే వస్తుంది. ప్యాకెట్ లోంచి చల్లటి ముక్క తీసి పిల్లల నోట్లో పెట్టే అలవాటు ఉంటే మాత్రం మానెయ్యండి.

సాసేజ్‌లు తీశాక పెనంలో కొంచెం కొవ్వు, అడుగున అంటుకున్న గోధుమ రంగు పొర మిగులుతుంది. దాన్ని కడగొద్దు. మిగతా నూనె లేదా వెన్న వేసి సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యాప్సికమ్ వెయ్యండి. మంట కొంచెం తగ్గించి ఐదారు నిమిషాలు వేయించాలి, ఉల్లిపాయ మెత్తబడి అంచులు రంగు తిరగాలి, బిర్యానీకి వేయించినట్టు కరకరలాడక్కర్లేదు. మధ్యలో రెండు చెంచాల నీళ్ళు చిలకరించి గరిటెతో అడుగు గీకితే ఆ గోధుమ పొరంతా లేచి ఉల్లిపాయకి పట్టేస్తుంది. ఇది చేసినప్పుడూ చెయ్యనప్పుడూ రుచిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు ఉల్లిపాయని ఒక పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట కెచప్ వెయ్యండి. అది నేరుగా వేడి పెనానికి తగిలి ఒక నిమిషం వేగాలి. ఎర్ర రంగు కాస్తా ఇటుక రంగులోకి మారుతుంది, సీసాలో ఉన్నప్పటి ఆ చప్పటి తీపి పోతుంది. తర్వాత మస్టర్డ్, వూస్టర్‌షైర్ సాస్, ఒక చిన్న చెంచా వెనిగర్, మిరియాల పొడి వేసి అంతా కలిపేయండి. మిగిలిన ఒక చెంచా వెనిగర్ చివరికి దాచండి, దాని పని తర్వాత ఉంది.

డబ్బా బీన్స్ మొత్తం సాస్‌తో సహా ఒంపెయ్యండి. డబ్బా అడుగున చిక్కగా అంటుకుని ఉంటుంది, రెండు చెంచాల నీళ్ళు పోసి తిప్పి అదీ వేసేయండి. మంట మధ్యస్థం కంటే కొంచెం తక్కువ, మూత పెట్టకూడదు. ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడకనివ్వాలి. ఇక్కడ ఓపిక పట్టాలి. పాతకాలం కుండ బీన్స్ పొయ్యిలో గంటల తరబడి ఉండటం వల్ల సాస్ దానంతట అదే చిక్కబడి, పైన ముదురు రంగు కట్టేది. డబ్బా బీన్స్‌లో చాలావరకు మూసిన డబ్బాలోనే ఆవిరి వేడికి ఉడికినవి, వాటికి ఆ అవకాశం లేదు, నీరు బయటికి పోయే దారే లేదు కదా. ఆ పని మన పెనం చెయ్యాలి. రెండేసి నిమిషాలకి ఒకసారి గరిటెని అడుగు నుంచి మెల్లగా పైకి తీస్తూ కలపండి, గిరగిరా తిప్పితే బీన్స్ చితికి ముద్దయిపోతాయి.

అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, గరిటెతో పెనం మధ్యలో అడుగు తగిలేలా ఒక గీత గీయండి. సాస్ వెంటనే పారి గీతని మూసేస్తే ఇంకా కావాలి. రెండు క్షణాలు పెనం అడుగు నల్లగా కనిపించి, తర్వాత సాస్ మెల్లగా జారి కలుసుకుంటే సరిగ్గా ఉన్నట్టు. గీత అలాగే ఉండిపోతే దాటిపోయింది, పావు కప్పు నీళ్ళు పోసి సరిచేసుకోండి. పొయ్యి మీద కొంచెం జారుగా ఉన్నప్పుడే ఆపెయ్యాలి, ఎందుకంటే బీన్స్‌లో పిండిపదార్థం ఉంటుంది, చల్లారే కొద్దీ ఇంకా బిగుసుకుంటుంది.

వేయించి పెట్టిన సాసేజ్ ముక్కలు ఇప్పుడు వెయ్యండి. ప్లేటులో ఊరిన కొవ్వు కూడా. రెండు మూడు నిమిషాలు పొగలు వచ్చేదాకా ఉంచి స్టవ్ ఆపెయ్యండి. మొదటే వేసి పది నిమిషాలు ఉడికిస్తే ఇంత కష్టపడి తెచ్చిన ఆ ఎర్రటి అంచు మెత్తబడిపోతుంది. స్టవ్ ఆపాక ఆ దాచిన వెనిగర్ చెంచా చుట్టూ చల్లి ఒక్కసారి కలిపి రుచి చూడండి. ఉడికిన వెనిగర్ ఘాటు కొంత తగ్గిపోతుంది, ఆఖర్న పడ్డదే నాలుక్కి తగులుతుంది. ఇంకా తీపి ఎక్కువ అనిపిస్తే మస్టర్డ్ అర చెంచా పెంచండి. ఐదు నిమిషాలు అలా వదిలేసి పెనంతో సహా తెచ్చి బల్ల మీద పెట్టండి.

కారం లేకపోతే మాకు ముద్ద దిగదు అంటారా, తప్పేం లేదు, దానికి కూడా అమెరికన్ దారి ఉంది. టబాస్కో సాస్ బల్ల మీద పెట్టుకుని ఎవరికి వాళ్ళు చల్లుకోవచ్చు, లేదా ఊరబెట్టిన హలపెన్యో మిరపకాయ ముక్కలు పైన వేసుకోవచ్చు. రెండింట్లోనూ పులుపు ఉంది కాబట్టి ఆ తీపికి భలే కుదురుతాయి. పొడి కారం వేస్తే మాత్రం సాస్‌లో పచ్చి వాసన మిగిలిపోతుంది.

దీనితో ఏం తినాలంటే వెన్న రాసి పెనం మీద కాల్చిన మందపాటి బ్రెడ్ మొదటి మాట. కోల్‌స్లా అనే క్యాబేజీ సలాడ్ పక్కన ఉంటే ఇంకా మంచిది, ఆ చల్లదనం, పులుపు, క్యాబేజీ కరకర ఈ మెత్తటి వంటకి కావాలి. న్యూ ఇంగ్లండ్‌లో అయితే డబ్బాలో వచ్చే బ్రౌన్ బ్రెడ్‌తో తింటారు, మొలాసిస్ వేసి ఆవిరికి ఉడికించిన నల్లటి రొట్టె అది, ముక్కలు కోసి వెన్నలో వేయిస్తే బాగుంటుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కార్న్‌బ్రెడ్, అంటే మొక్కజొన్న పిండి రొట్టె, పెడతారు. అన్నంలో కలుపుకుంటారు మన ఇళ్ళలో కొందరు. నాకు నచ్చదు, తియ్యటి సాస్ అన్నానికి పట్టి చప్పగా అవుతుంది, కానీ పిల్లలు ఇష్టంగా తింటే ఆపకండి.

కార్న్‌బ్రెడ్ మాట వచ్చింది కాబట్టి, వారాంతంలో ఇంకో పావుగంట ఉంటే ఇది ప్రయత్నించండి. కాస్ట్ ఐరన్ పెనంలోనే వంటంతా అయ్యాక, కార్న్‌బ్రెడ్ మిక్స్ చిన్న డబ్బా ఒకటి దాని మీద రాసినట్టు గుడ్డు, పాలు కలిపి, ఆ పిండిని బీన్స్ మీద అక్కడక్కడా పోసి సమంగా సర్దండి. 400 డిగ్రీల ఫారెన్‌హీట్ అవెన్‌లో 20 నిమిషాల పైన పడుతుంది. పైన బంగారు రంగు వచ్చి, మధ్యలో టూత్‌పిక్ గుచ్చితే పిండి అంటకుండా రావాలి. దీనికి బీన్స్ కొంచెం పల్చగా ఉన్నప్పుడే ఆపాలి, అవెన్‌లో ఇంకా దగ్గరపడతాయి. అంచుల్లో సాస్ పైకి పొంగి రొట్టెకి అంటుకుని జిగురుగా కాలిన చోటు ఉంటుంది చూడండి, ఇంట్లో అందరూ దానికోసమే పోటీ పడతారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చదువుతున్నవాళ్ళు వదిలేయక్కర్లేదు. పెద్ద సూపర్‌మార్కెట్‌లలో హైన్జ్ బేక్డ్ బీన్స్ 415 గ్రాముల డబ్బా దొరుకుతుంది, నలుగురికి రెండు కావాలి. ఫ్రీజర్ దగ్గర చికెన్ సాసేజ్‌లు ఉంటాయి, ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి మంచు వదలనిచ్చి, ప్యాకెట్ మీద ఎంత వేడి చెయ్యాలని రాసి ఉందో చూసుకోండి. హైన్జ్ బీన్స్ బ్రిటిష్ పద్ధతివి, టమాటా రుచి ఎక్కువ, తీపి తక్కువ. కాబట్టి ఇక్కడ నేను పైన వద్దన్న తీపి కొంచెం వెయ్యాలి. దానికి మన నల్ల బెల్లం చక్కగా సరిపోతుంది, అది కూడా మొలాసిస్‌తో సహా ఉన్న చెరకు తీపే కదా. తురిమిన బెల్లం ఒక పెద్ద చెంచా కెచప్‌తో పాటు వేసి కరగనివ్వండి. సీసా మస్టర్డ్ దొరక్కపోతే ఆవపిండి అర చిన్న చెంచా, చెంచాడు నీళ్ళలో, చెంచాడు వెనిగర్‌లో కలిపి పది నిమిషాలు నాననిచ్చి వాడండి. ఆవకాయకి కొట్టించుకున్న ఆవపిండి ఇంట్లో ఉంటే అదే. మన నల్ల ఆవాలకి ఘాటు ఎక్కువ కాబట్టి ముందు సగం వేసి చూసుకోండి. బోస్టన్ కుండలో పడింది కూడా ఆవపొడే, కాబట్టి ఇది మార్పు కాదు, పాత పద్ధతికి ఇంకా దగ్గర.

డబ్బా వద్దు, బీన్స్ ఇంట్లోనే ఉడికిస్తాం అంటే అమెరికాలో నేవీ బీన్స్ అనే చిన్న తెల్ల గింజలు, ఇండియాలో అయితే తెల్ల రాజ్మా తీసుకుని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కుక్కర్‌లో బాగా మెత్తగా ఉడికించాలి. బెల్లం, టమాటా, వెనిగర్ ఏవీ ముందు వెయ్యకండి. పులుపు, బెల్లంలో ఉండే కాల్షియం తగిలితే గింజ పొట్టు గట్టిపడి ఎంతసేపైనా ఉడకదు. వేళ్ళ మధ్య నొక్కితే నలిగేంత మెత్తబడ్డాకే పెనంలోకి తీసి సాస్ కలపండి. రాజ్మా జాతి గింజల్ని స్లో కుక్కర్‌లో పచ్చిగా వేసి తక్కువ వేడిలో వండొద్దు, వాటిలో ఒక విషపదార్థం ఉంటుంది, అది బాగా మరిగితేనే పోతుంది.

క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళైతే ఇంటి దగ్గరే ఉల్లిపాయ తరిగి, సాస్‌లన్నీ ఒక చిన్న సీసాలో కలిపి పెట్టుకోండి. సాసేజ్‌లు ఐస్ పెట్టెలో ఉండాలి. నిప్పులు బాగా ఎర్రబడి మంట తగ్గాక పెనం పెట్టాలి, మంట ఎగిసేటప్పుడు పెడితే బీన్స్‌లోని చక్కెర ఇట్టే మాడుతుంది. డబ్బాని అలాగే మూతతో నిప్పుల్లో పెట్టే పని ఎప్పుడూ చెయ్యకండి, లోపల ఒత్తిడి పెరిగి పేలిపోతుంది.

మిగిలితే పెనంలోనే వదిలేయకండి, టమాటా, వెనిగర్ పులుపు రాత్రంతా ఇనుముని తింటుంది, పెనం నల్లటి పూత పోయి వంటకి ఇనుము రుచి వస్తుంది. రెండు గంటల లోపు గాజు డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, పెనం వేడినీళ్ళతో కడిగి, పొయ్యి మీద తడి ఆరబెట్టి, చుక్క నూనె రాయండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. మర్నాటికి బాగా బిగుసుకుంటుంది, మూడు చెంచాల నీళ్ళు పోసి చిన్న మంట మీద వేడి చేసి, కాల్చిన బ్రెడ్ మీద పోసి, పైన ఒక ఆమ్లెట్టో, పచ్చసొన జారేలా వేయించిన గుడ్డో వేసుకుంటే పొద్దున టిఫిన్ అయిపోతుంది.